మనసు మాత్రలు వాడుతున్నవాళ్లకు షుగరు అదుపులో ఉంచడం ఎలా?

మానసిక జబ్బుకు ఇచ్చే ఒలాంజపిన్, క్లోజపిన్ మాత్రలు మొదలుపెట్టాక ఆకలి పెరుగుతుంది, ఒళ్లొస్తుంది, షుగరు ఎక్కుతుంది. క్వెటియాపిన్, రిస్పెరిడోన్‌లతో ఆ బెడద కొంత తక్కువ, అరిపిప్రజోల్‌తో ఇంకా తక్కువ. ఈ మాట చెవిన పడగానే చాలామంది ఇళ్లలో మాత్ర ఆపేస్తారు. ఆ ఒక్క పనీ చేయకండి. జబ్బు తిరగబెట్టిందంటే తిండీ, నడకా, షుగరు మాత్రా అన్నీ అటకెక్కుతాయి.

ముందు ఒక నోటుబుక్కు పెట్టండి. మన కోనసీమలో చాలామందికి షుగరు డాక్టరు అమలాపురంలో, మానసిక వైద్యుడు కాకినాడలోనో రాజమండ్రిలోనో ఉంటారు. ఒకరి చీటీ ఇంకొకరి కంట పడదు. రెండు చీటీల్లోని మందులూ, డోసులూ ఒకే పేజీలో రాసి ఇద్దరికీ చూపించండి.

మాత్ర మొదలైన రోజు బరువు అందులో రాయాలి, తర్వాత వారానికోసారి. 60 కిలోల మనిషి 63 దాటితే తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకండి. నడుం చుట్టుకొలత టైలరు టేపుతో చూడండి: మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 లోపుండాలి. పరగడుపు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ మందు మొదట్లో ఒకసారి, 12 వారాలకు మరోసారి చూపించాలి. మూడు నెలల షుగరు పరీక్ష ఎలాగూ ఉంటుంది.

అసలు చిక్కు రాత్రిపూట. మాత్ర వేసుకున్న కాసేపటికి ఆకలి తరుముకొస్తుంది. డబ్బాలో తాపేశ్వరం కాజా, గుమ్మం పక్కన చక్కెరకేళి గెల కనిపిస్తుంటే ఎవరు మాత్రం ఆగుతారు? తిట్టి లాభం లేదు, అది మందు తెచ్చే ఆకలి. తీపి ఇంట్లోకి తేవడం తగ్గించి, చేతికందేచోట ఉడికించిన గుడ్డు, వేయించిన శనగలు, కీరా ముక్కలు, పల్చటి మజ్జిగ పెట్టండి. మధ్యాహ్నం చేపల పులుసు మానక్కర్లేదు, దాని కింద అన్నం సగానికి తగ్గితే చాలు. నోరెండుతోందని సోడాలు, కూల్‌డ్రింకులు పట్టించొద్దు, మంచినీళ్లే ఇవ్వండి.

పొద్దున్నే మగతగా పడుంటే "రాత్రి మాత్ర ప్రభావంలే" అని వదిలేయకండి. టిఫిను తినకుండా గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్రో ఇన్సులినో పడితే షుగరు పడిపోతుంది, అదీ మగతలాగే కనిపిస్తుంది. గ్లూకోమీటరుతో చూడండి. 70 లోపుంటే, మింగగలిగే స్థితిలో ఉంటే, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. వాంతులు, విపరీతమైన దాహం, ఆయాసం, షుగరు బాగా ఎక్కువ కనిపిస్తే అదీ ఆసుపత్రి కేసే.

నడకకు "వెళ్లు" అంటే కదలరు, "పద, నేనూ వస్తున్నా" అంటే వస్తారు. సాయంత్రం కాలువ గట్టు మీద అరగంట చాలు.

బరువు ఆగకపోతే మానసిక వైద్యుణ్ణి సూటిగా అడగండి: మందు మార్చడం కుదురుతుందా, మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వాడచ్చా అని. దూరం వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకోటి, చుట్టా బీడీ మానేస్తానంటే సంతోషమే గానీ ముందు డాక్టరుకు చెప్పండి. పొగ ఆగితే క్లోజపిన్, ఒలాంజపిన్ రక్తంలో పెరుగుతాయి, డోసు తగ్గించాల్సి రావచ్చు.