అనంతపురంలో ఐటిఐ చేరాలనుకుంటే: ఫారం నింపే ముందు ఇది చదవండి

పది రిజల్ట్స్ వచ్చిన వారంలోపే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మావోడికి మార్కులు అంతంతమాత్రమే, ఐటిఐలో ఏం తీసుకోమంటావ్?" నేను ఫిట్టర్ చదివి ఆ పనిమీదే బతుకుతున్నా కాబట్టి, అందరికీ విడివిడిగా చెప్పేది ఒకేసారి రాసేస్తున్నా.

ఎంట్రన్స్ ఏమీ లేదు, పదో తరగతి మార్కుల మెరిట్ మీదే సీటు. ఆన్‌లైన్‌లో అప్లై చేసి, దగ్గర్లోని ప్రభుత్వ ఐటిఐలో సర్టిఫికెట్లు వెరిఫై చేయించుకోవాలి, తర్వాత కౌన్సెలింగ్‌కు పిలుస్తారు. విడతలుగా జరుగుతుంది కదా, రెండో విడతలో చూద్దాంలే అనుకోవద్దు, ఎలక్ట్రీషియన్ సీట్లు ముందే అయిపోతాయి.

ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు. వెల్డర్, డీజిల్ మెకానిక్, కంప్యూటర్ వైపు కోపా ఒక్క ఏడాదే. వెల్డర్‌కు ఎనిమిది పాసైనా చాలు. ఏ ట్రేడ్ అన్నది పక్కింటి పిల్లోడిని చూసి కాదు, చుట్టూ ఏముందో చూసి తేల్చుకోండి. పెనుకొండ దగ్గర కియాలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు ఉన్నాయి. తాడిపత్రిలో సిమెంటు, ఎన్‌పీ కుంటలో సోలార్. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్ (లైన్‌మెన్ పనే) పోస్టులు పడినప్పుడు కరెంటు ట్రేడ్ ఐటిఐ అడిగారు, దాంతోపాటు స్తంభం ఎక్కి చూపించమన్నారు కూడా. ఎత్తంటే భయపడే పిల్లోడిని లైన్‌మెన్ చేద్దామని పట్టుబట్టకండి.

ఇప్పుడు అసలు విషయం. ప్రభుత్వ ఐటిఐలో సీటు రాక ప్రైవేటుకు వెళ్లాల్సి వస్తే, పాంప్లెట్ నమ్మొద్దు. ఎన్‌సీవీటీ గుర్తింపు (అంటే కేంద్రం నుంచి వచ్చేది) కాలేజీ మొత్తానికి ఉంటే సరిపోదు, మీరు చేరే ట్రేడ్‌కు ఉందో లేదో అడిగి కాగితం చూడండి. తర్వాత ఏదో ఒక పనిరోజు, పొద్దున పదకొండుకు చెప్పాపెట్టకుండా వెళ్లి వర్క్‌షాపు చూపించమనండి. మా చిన్నాన్న కొడుకు చేరిన చోట లేత్ మిషన్ మీద గోనెపట్టా కప్పి ఉండేది, రెండేళ్లలో అది తిరగడం వాడు చూడనేలేదు, చేతికి సర్టిఫికెట్ వచ్చింది గానీ పని రాలేదు. ఫిట్టర్ అంటే మొదటి నెలలన్నీ ఆకురాయితో ఇనుపముక్కను రాయడమే. రాసి, ట్రై స్క్వేర్ (మూల సరిగ్గా ఉందో లేదో చూసే పనిముట్టు) ఆనించి, వెలుతురుకు ఎత్తి చూడాలి, మధ్యలోంచి సన్నగా వెలుగు కనిపించిందా, మళ్లీ రాయాల్సిందే. అరచేతులు బొబ్బలెక్కుతాయి. బెంచీల మీద ఇనుపరజను కనిపిస్తే ఆ కాలేజీలో పని జరుగుతున్నట్టే లెక్క.

ఐటిఐ అయ్యాక ఇంట్లో కూర్చోకుండా అప్రెంటిస్ చేయండి. ఆర్టీసీ డిపోల్లో తీసుకుంటారు, ఫ్యాక్టరీల్లోనూ తీసుకుంటారు, స్టైపెండ్ తక్కువే అయినా ఇంటర్వ్యూలో మొదట అడిగేది అదే. ఇంకా చదవాలంటే, రెండేళ్ల ట్రేడ్ చేసినవాళ్లు బ్రిడ్జి కోర్సు, ఎంట్రన్స్ దాటి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, ఆ డిప్లొమా మీద ఈసెట్ అనే ఎంట్రన్స్ రాసి బీటెక్‌కూ వెళ్లొచ్చు.

అంత టైం లేదు, వెంటనే సంపాదన కావాలి అంటే అనంతపురంలోనే రుడ్‌సెట్ అనే శిక్షణ సంస్థ ఉంది, పద్దెనిమిది నిండి ఉండాలి, భోజనం, బస అన్నీ ఉచితం, కొన్ని వారాల్లో నేర్పించి పంపుతారు. దాంతో సొంతంగా ఏదైనా పెట్టుకోవచ్చు. కంపెనీ ఉద్యోగానికి మాత్రం ఐటిఐ సర్టిఫికెట్టే అడుగుతారు.

ఒక చిన్న పని మాత్రం ఈ వారమే చేయండి: పది మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు, పుట్టినతేదీ అక్షరం అక్షరం సరిచూడండి. ఆధార్‌లో మార్చాల్సింది ఉంటే అప్లికేషన్‌కు ముందే ఆధార్ సెంటర్‌కు వెళ్లండి, రేపు అప్రెంటిస్ పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వాలన్నా ఇవి రెండూ కలవాల్సిందే.