కుట్టు కత్తెరకు సాన పట్టే ముందు

కత్తెర నిజంగా మొద్దుబారిందా? చాలాసార్లు తప్పు పదునుది కాదు, స్క్రూది. అది వదులైతే బట్ట తెగకుండా మడతపడి అలుగుల మధ్య ఇరుక్కుంటుంది. కొద్దిగా బిగించి, పాత నూలు గుడ్డను కొన వరకు కత్తిరించి చూశాకే సానరాయి తీయండి.

• జిగ్‌జాగ్ కత్తెర, అంచున సన్నని పళ్లున్న కత్తెర ఇంట్లో ముట్టుకోవద్దు. సాన పట్టేవారికే ఇవ్వండి.

• అలుగులకు అంటిన పీచు, జిడ్డు తుడవాలి. రాయి జారకుండా కింద తడిగుడ్డ వేయాలి.

• బయటి ఏటవాలు అంచుకు మార్కర్‌తో రంగు పూయండి. రెండుసార్లు రుద్దాక రంగు అంతటా సమంగా పోతే కోణం కుదిరినట్టే. లోపలి ముఖాన్ని మాత్రం ఏటవాలుగా అస్సలు రుద్దవద్దు. చదునుగా కనిపించినా మంచి కత్తెరలో అది మధ్యలో కాస్త లోతుగా ఉంటుంది. ఆ ఆకారం చెడితే అలుగులు సరిగా ఆనవు. మా అమ్మ కత్తెరను నేను పాడుచేసింది అలాగే.

• గరుకు కాగితం కత్తిరిస్తే పదును వస్తుందంటారు. అంచు కాస్త గరుకెక్కుతుంది, అంతే.

• కుట్టుమిషన్ నూనె దగ్గర పెట్టుకోండి. చివర్లో స్క్రూ దగ్గర ఒక్క చుక్క చాలు. కొబ్బరినూనె వద్దు, చలికి గడ్డకడుతుంది. పట్టు బట్ట ముట్టే ముందు ఆ నూనెను పాత గుడ్డతో తుడవండి.