ఆగని ఆలోచనలు: ఎప్పుడొస్తున్నాయో చూడండి, కారణం అక్కడే దొరుకుతుంది

"నెగటివ్‌గా ఆలోచించకు, పాజిటివ్‌గా ఉండు" అని చెప్పేవాళ్ళకి మనలో లోటు లేదు. ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు. అసలు ఆ సలహాలోనే పొరపాటుంది. రాత్రి నిద్ర పట్టనివ్వని దిగులు, పూజ గదిలో వచ్చే పాడు ఆలోచన, అప్పులవాడి ఫోన్ వస్తుందన్న భయం అన్నింటినీ అది ఒకే గాటన కట్టేస్తుంది. వాటి మూలాలు వేరు, చేయాల్సిన పనీ వేరు. కింద మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నది వెతుక్కుని, ముందు అది చదవండి.

"బతకాలని లేదు" అనిపిస్తుంటే

ఇక్కడ కారణాల విశ్లేషణ తర్వాత. ముందు ఒంటరిగా ఉండకండి. ఇంట్లో ఒక్కరికైనా ఈ మాట ఉన్నదున్నట్టు చెప్పండి. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రమాదం దగ్గర్లోనే ఉందనిపిస్తే 108కి చేయండి, లేదా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి.

ఇంట్లోవాళ్ళకి ఒక మాట. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. అలా జరగదు, అడగండి. ఎవరైనా ప్రాణం తీసుకోబోయి బతికితే, కేసవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆలస్యం చేయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, వేరుగా రుజువైతే తప్ప, ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

పగలంతా బాగానే ఉంటుంది, పడుకోగానే మొదలవుతుంది

ఎక్కువమంది చెప్పేది ఇదే. పదేళ్ళ కిందట ఆడపడుచు అన్న మాట, ఆఫీసులో నవ్వులపాలైన రోజు, రేపు కట్టాల్సిన ఫీజు అన్నీ దిండు మీద తల పెట్టగానే వరుస కడతాయి.

పగలు చేతికీ కంటికీ ఏదో ఒక పని ఉంటుంది. పని లేనప్పుడు మెదడు ఊరికే ఉండదు. మన గురించి, జరిగిన వాటి గురించి, జరగబోయే వాటి గురించి తలపోసే భాగాలు అప్పుడే చురుగ్గా ఉంటాయి. దీన్ని 2001లో మెదడు శాస్త్రవేత్త మార్కస్ రైకిల్ బృందం వివరించింది. దానికి తోడు, రోజూ మంచం మీదే దిగులుపడుతుంటే మంచానికీ దిగులుకీ లంకె పడిపోతుంది. హాల్లో టీవీ ముందు కునికిపాట్లు పడే మనిషికి గదిలోకి వెళ్ళగానే మెలకువ రావడం అందుకే.

ఆ లంకె తెంచడానికి 1972లో మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్జిన్ చెప్పిన పద్ధతిని నిద్రలేమికి ఇప్పటికీ వాడుతున్నారు. ఇరవై నిమిషాలు దొర్లినా నిద్ర రాలేదనిపిస్తే లేచిపోండి. గడియారం చూడొద్దు, అందాజుగా చాలు. పక్క గదిలో చిన్న లైటు కింద బట్టలు మడతపెట్టడం లాంటి విసుగు పుట్టించే పని చేయండి. ఫోన్ వద్దు. రెప్పలు వాలుతుంటేనే మంచం మీదకి వెళ్ళండి. మళ్ళీ నిద్ర రాకపోతే మళ్ళీ లేవాల్సిందే. ఎంత ఆలస్యంగా పడుకున్నా పొద్దున ఒకే వేళకి లేవాలి, మధ్యాహ్నం కునుకు తీయకూడదు. మొదటి వారం చిరాగ్గా ఉంటుంది. అక్కడే చాలామంది వదిలేస్తారు.

రెండో పని సాయంత్రం చేయాలి. రోజూ ఒకే చోట, ఒకే వేళకి పావుగంటో ఇరవై నిమిషాలో దిగులుకే కేటాయించండి. వినడానికి వింతగా ఉంటుంది కానీ 1983లో మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్ బృందం పరీక్షించిన పద్ధతే ఇది. కాగితం మధ్యలో గీత గీసి, ఒకవైపు నేను చేయగలిగింది, రెండోవైపు నా చేతిలో లేనిది రాయండి. "అమ్మాయికి కౌన్సెలింగ్‌లో సీటు వస్తుందా" అన్నది రెండోవైపు. "సర్టిఫికెట్లు రేపు జిరాక్స్ తీయించాలి" అన్నది మొదటివైపు. రాత్రి అదే దిగులు మళ్ళీ వస్తే "రేపు సాయంత్రం నీ వంతు" అని వాయిదా వేయండి. రాసి పెట్టామన్న నమ్మకం ఉంటే వాయిదా వేయడం నిజంగానే తేలికవుతుంది.

ఇక టీ, కాఫీ. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ఆరింటికి తాగిన స్ట్రాంగ్ టీలోది పదకొండింటికి ఇంకా సగం ఉంటుంది. మధ్యాహ్నం రెండు తర్వాత మానేసి చూడండి. మందు తాగితే నిద్ర పడుతుందనేవాళ్ళకి: పడుతుంది, కానీ తెల్లవారుజామున విరుగుతుంది, మర్నాడు గుబులు పెరుగుతుంది.

వద్దనుకున్న కొద్దీ ఎక్కువ వస్తోంది

వద్దనుకోవడమే ఇక్కడ కారణం. 1987లో మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ కొందరిని కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దు, గుర్తొస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. తర్వాత "ఇక తలుచుకోవచ్చు" అంటే, మొదటి నుంచీ అనుమతి ఉన్నవాళ్ళకంటే వీళ్ళకే ఎక్కువసార్లు గుర్తొచ్చింది. ఆలోచన వచ్చిందా లేదా అని కాపలా కాయాలంటే, దాన్ని గుర్తుపెట్టుకోక తప్పదు మరి.

కాబట్టి తోసేయకండి, దానికి పేరు పెట్టండి. "నా ఉద్యోగం పోతుంది" అనే బదులు "ఉద్యోగం పోతుందన్న ఆలోచన వచ్చింది" అనుకోండి. తర్వాత దానికి ఆధారం ఏమిటో అడగండి. గుంటూరులో ఒక తల్లి మధ్యాహ్నం ఒంటిగంటకి డల్లాస్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. యాక్సిడెంట్ అయిందేమోనని ఆమెకి కాళ్ళూ చేతులూ ఆడలేదు అనుకుందాం. వేసవిలో అయితే అక్కడ టైము రాత్రి రెండున్నర. ఈ లెక్క ఆమెకి తెలియక కాదు, భయం ముందు నడిస్తే లెక్క వెనకబడుతుంది. అందుకే మనసులో వాదించుకోకుండా కాగితం మీద పెట్టమనేది: ఏం జరిగింది, నేనేం ఊహించాను, ఇంకేం అయి ఉండొచ్చు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మనం కీడెంచి అక్కడే ఆగిపోతాం.

ఎవరికీ చెప్పుకోలేని పాడు ఆలోచనలు

బాల్కనీలో నిలబడితే బిడ్డని కింద పడేస్తానేమో అనిపించడం, దేవుడి పటం ముందు బూతులు మెదలడం. మనస్తత్వవేత్తలు రాక్‌మన్, డి సిల్వా 1978లో చూపించినదేమిటంటే, ఇలాంటివి ఏ జబ్బూ లేనివాళ్ళలోనూ ఎక్కువమందికి వస్తాయి. తేడా అంతా వచ్చాక మనం చేసేదాంట్లో ఉంది. మామూలుగా అది వచ్చిపోతుంది. "ఇలా అనిపించిందంటే నేను చెడ్డదాన్నే" అనుకుని లెంపలేసుకోవడం, మంత్రం నూటెనిమిదిసార్లు మళ్ళీ మొదలుపెట్టడం, బిడ్డకి దూరంగా ఉండడం చేస్తే అది పాతుకుపోతుంది. ఆ ఆలోచన ఉండగానే పూజ మామూలుగా పూర్తి చేయండి, శాంతులు వద్దు. రోజుకి గంటకు మించి దీనికే పోతుంటే అది ఓసీడీ (వద్దన్నా అదే ఆలోచన, అదే పని తిరిగి తిరిగి వచ్చే జబ్బు) కావచ్చు. దానికి మంచి చికిత్స ఉంది, సైకియాట్రిస్టుని కలవండి.

ఒక హెచ్చరిక: బాలింతకి ఆ ఆలోచన తప్పనిపించకుండా నిజమనిపిస్తున్నా, ఎవరో చెబుతున్నట్టు మాటలు వినిపిస్తున్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గాలి సోకిందని తాయెత్తు కట్టించి కూర్చోవద్దు.

ఉన్నట్టుండి గుండెదడ, ఊపిరాడక, ప్రాణం పోతున్నట్టు

మొదటిసారి అయితే, ఛాతీనొప్పి ఉంటే, గ్యాస్ అనో టెన్షన్ అనో మీరే తేల్చేయకండి. ఈసీజీ తీయించండి. గుండె బాగుందని డాక్టరు చెప్పాక కూడా వస్తుంటే అది పానిక్ ఎటాక్ (ప్రమాదం లేకుండానే ఉన్నట్టుండి కమ్మే తీవ్ర భయం) అయి ఉండొచ్చు. పిల్లి దూకినా మోగే కారు అలారం లాంటిది. గబగబా ఊపిరి తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. అది చూసి భయం రెట్టింపవుతుంది. ఊపిరి లోపలికి నాలుగు అంకెలు, బయటికి ఆరు అంకెలు లెక్కపెట్టండి. వదిలేటప్పుడే గుండె వేగం తగ్గుతుంది కాబట్టి వదలడమే పొడుగ్గా ఉండాలి. మూతికి కవరు పెట్టుకుని ఊపిరి తీయొద్దు. చాలావరకు పది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి దిగిపోతుంది.

ఏదీ చేయబుద్ధి కావడం లేదు

ఆలోచనల జోరు కాదు, అంతా బరువు. రెండు వారాలు దాటి రోజంతా ఇలాగే ఉంటే డిప్రెషన్‌ని అనుమానించాలి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు చేయించండి, వాటి లోపాలూ ఇలాగే కనిపిస్తాయి. ఉత్సాహం వచ్చాక చేద్దామని ఆగితే రాదు. చిన్న పని ముందు, ఉత్సాహం తర్వాత: స్నానం, వీధి చివరిదాకా నడక, ఒక ఫోన్.

నిజంగానే సమస్య ఉంటే

అప్పు ఉంటే ప్రాణాయామం అప్పు తీర్చదు. కాగితం మీద ఎవరికెంతో రాసి, నమ్మకమైన ఒకరికి చూపించండి. లోన్ యాప్ మోసమైతే 1930కి, ఇంట్లో హింస ఉంటే మహిళలు 181కి ఫోన్ చేయండి.

డాక్టరు దగ్గరికి వెళ్తే

"నరాల వీక్‌నెస్" అని చెప్పి విటమిన్ మాత్రలతో తిరిగొచ్చేవాళ్ళు చాలామంది. ఎప్పటి నుంచి, ఏ వేళలో, నిద్ర ఎంత, ఆకలి ఎలా ఉంది, తాగుడు అలవాటు, వాడుతున్న మాత్రలు ఒక చీటీ మీద రాసి తీసుకెళ్ళండి. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. బాగుందనిపించగానే సొంతంగా ఆపేయకూడదు. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే నిద్రమాత్రలు వేరే సంగతి, వాటికి అలవాటు పడిపోతారు. ఇప్పటికే రోజూ వేసుకుంటున్నా ఒక్కసారిగా మానేయకుండా, ఆ పేరు కూడా చీటీలో రాయండి.