ఫోటో నుంచి టెక్స్‌చర్: మాస్క్ కుదరనప్పుడు ఎక్కడ చూడాలి

నీలం పెయింట్ వేసిన ఇనుప తలుపు ఫోటో ఒకటి ఉందనుకుందాం. దాన్ని టెక్స్‌చర్‌గా, అంటే గేమ్‌లో 3డీ వస్తువు మీద పరిచే బొమ్మగా మార్చాలి. అక్కడక్కడా పెచ్చులూడి తుప్పు బయటపడింది. ఆ తుప్పును మాత్రమే విడదీసి మాస్క్ (ఏ భాగం కనిపించాలో, ఏది దాగాలో చెప్పే నలుపు-తెలుపు బొమ్మ) చేయాలి. గంటలు గడిచినా పని తెగకపోతే టూల్ పక్కనపెట్టి, ఛానెళ్లు (ఫోటోను రంగు, వెలుగు వారీగా విడగొట్టిన పొరలు) ఒక్కొక్కటే తెరిచి చూడండి. మచ్చ ఎక్కడ విడిగా కనిపిస్తుందో అక్కడే మాస్క్ సగం తయారై ఉంటుంది.

సమస్య: మ్యాజిక్ వాండ్‌తో నొక్కితే తుప్పు సగమే వస్తోంది, నీడలు కూడా వచ్చేస్తున్నాయి

ఫోటోషాప్‌లో వాండ్ టాలరెన్స్ (నొక్కిన చోటుకి ఎంత దగ్గరి రంగుల్ని ఎంచుకోవాలనే కొలత) మామూలుగా 32 ఉంటుంది. పెంచితే పెయింట్ మీది నీడ లోపలికొస్తుంది, తగ్గిస్తే ఎండ పడిన తుప్పు బయటే ఉండిపోతుంది. కారణం, వాండ్ వెలుగునూ రంగునూ కలిపి లెక్కేస్తుంది. మనకు కావలసిన తేడా రంగులో ఉంది.

ఫోటోకి నకలు తీసి ల్యాబ్ మోడ్‌లోకి మార్చండి. ఫోటోషాప్ బదులు గింప్ వాడేవాళ్లు డీకంపోజ్ (ఛానెళ్లుగా విడగొట్టే కమాండ్) చేస్తే ఇవే ఛానెళ్లు దొరుకుతాయి. ఎల్ ఛానెల్‌లో వెలుగు, ఏ ఛానెల్‌లో ఆకుపచ్చ-ఎరుపు తేడా, బి ఛానెల్‌లో నీలం-పసుపు తేడా ఉంటాయి. మన తలుపుకి బి ఛానెల్ కావాలి. తెరవగానే అంతా బూడిదరంగులో చప్పగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. లెవెల్స్‌లో (నలుపు, తెలుపు హద్దులు మార్చే టూల్) రెండు కొసలనూ లోపలికి జరుపుతూ పోండి. పెయింట్ నల్లబడుతుంది, తుప్పు తెల్లగా పైకి తేలుతుంది, నీడలు చాలావరకు మాయమవుతాయి. దీన్ని కాపీ చేసి అసలు ఫోటో లేయర్ మాస్క్‌లో పేస్ట్ చేయండి. బాగా చిక్కటి నీడలో రంగే మిగలదు కాబట్టి అక్కడ బ్రష్‌తో దిద్దక తప్పదు. అందుకే ఇలాంటి ఫోటోలు మబ్బు పట్టిన రోజు తీస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

సమస్య: మాస్క్ అంచులు మెట్లు మెట్లుగా వస్తున్నాయి

ఇది జేపెగ్ వల్ల. చాలా జేపెగ్‌లలో వెలుగు ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది కానీ, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్లకి ఒకటే ఉంటుంది. రంగు ఛానెల్ నుంచి తీసిన మాస్క్‌లో ఆ గళ్లు బయటపడతాయి. వీలైతే రా ఫైల్ (కెమెరా నేరుగా ఇచ్చే, జేపెగ్‌గా మార్చని ఫైల్) నుంచి మొదలుపెట్టండి. లేదంటే పూర్తి సైజులో మాస్క్ చేసి, చివర్లో ఫోటోనూ మాస్క్‌నూ కలిపి సగానికి తగ్గించండి. ఫెదర్ (అంచును మెత్తబరిచే సెట్టింగ్) పెంచి కప్పిపుచ్చాలని చూడొద్దు. పెచ్చు అంచు నిజంలో పదునుగా ఉంటుంది, ఫెదర్ వేస్తే పొగ పట్టినట్టు అయిపోతుంది.

సమస్య: కత్తిరించిన ఆకు చుట్టూ తెల్లటి గీత

తెల్ల కాగితం మీద పెట్టి తీసిన ఆకుకి ఇది తప్పకుండా వస్తుంది. అంచు పిక్సెళ్లలో ఆకు రంగు, కాగితం రంగు కలిసిపోయి ఉంటాయి. పైగా కనిపించని భాగంలో ఇంకా తెలుపే ఉంటుంది. టెక్స్‌చర్ చిన్నదయ్యేకొద్దీ పక్క పిక్సెళ్లు కలుస్తాయి కాబట్టి ఆ తెలుపు లోపలికి పాకుతుంది.

ముందు మాస్క్‌ను ఒక పిక్సెల్ లోపలికి కుదించండి. తర్వాత ఆకు లేయర్‌కి నకలు తీసి, మాస్క్ అప్లై చేసి, కొద్దిగా బ్లర్ చేసి కింద పెట్టండి. ఆ బ్లర్ లేయర్‌నే నాలుగైదు సార్లు డూప్లికేట్ చేస్తే ఆకుపచ్చ రంగు అంచు దాటి బయటికి పరుచుకుంటుంది. అట్టడుగున ఆకు సగటు రంగు నింపేయండి. ఆకారాన్ని మాత్రం విడిగా ఆల్ఫా ఛానెల్‌లో (పారదర్శకతను దాచే ఛానెల్) ఉంచి టార్గాగా (టీజీఏ ఫైల్‌గా) సేవ్ చేయండి. ఫోటోషాప్ నుంచి పీఎన్‌జీగా తీస్తే పూర్తిగా పారదర్శకమైన చోట ఈ రంగు పోయి, చేసిన పనంతా వృథా కావచ్చు.

సమస్య: ఎడిటర్‌లో బాగున్న మాస్క్ గేమ్ ఇంజిన్‌లో కుంచించుకుపోయింది

ఇంజిన్ దాన్ని రంగు ఫోటో అనుకుంటోంది. అలా చదివితే 0-255 కొలతలో 128 ఉన్న బూడిదరంగు, 0-1 కొలతలో 0.5 దగ్గర ఉండాల్సింది 0.22కి పడిపోతుంది. మాస్క్ టెక్స్‌చర్ సెట్టింగ్స్‌లో ఎస్‌ఆర్‌జీబీ (ఇది రంగు ఫోటో అని ఇంజిన్‌కి చెప్పే సెట్టింగ్) టిక్ తీసేయండి, అంతే.

సమస్య: టైల్ చేస్తే (పక్కపక్కన పరిస్తే) రంగు కలుస్తోంది, మాస్క్ మాత్రం అతుకు చూపిస్తోంది

మాస్క్ తీశాక రంగు లేయర్‌ని ఒక్కదాన్నే సరిచేసి ఉంటారు. రెండింటినీ ఒకే కొలతతో ఆఫ్‌సెట్ చేయాలి (బొమ్మను జరిపి అంచుల అతుకును మధ్యకి తేవాలి). 2048 సైజుకైతే అడ్డంగా, నిలువుగా 1024. అతుకు మీద క్లోన్ చేసిన (వేరే చోటి ముక్క తెచ్చి అద్దిన) ప్రతిచోటా మాస్క్‌లోనూ అదే మూలం నుంచి అదే చోటికి క్లోన్ చేయండి.