వేల్స్ చిన్న కొండలు: లిడార్‌తో లెక్క తేల్చడం ఎలా

కొండ అంటే ఎత్తు ఒక్కటే చూస్తాం మనం. వేల్స్‌లో కొండల జాబితాలు పట్టుకుని తిరిగే మాలాంటివాళ్లకు మాత్రం గొడవంతా కనుమ దగ్గరే. మీ కొండ మీద నుంచి దానికంటే ఎత్తైన నేలకు వెళ్లాలంటే కనీసం ఎంత కిందికి దిగక తప్పదో, దాన్ని డ్రాప్ అంటారు. ఆ దారిలో అన్నిటికంటే కిందున్న చోటే కనుమ; శిఖరం ఎత్తులోంచి కనుమ ఎత్తు తీసేస్తే డ్రాప్ వస్తుంది. 150 మీటర్ల డ్రాప్ ఉంటే మారిలిన్, 100 ఉంటే హంప్, 30 ఉంటే టంప్. ఈ మూడింటికీ ఎత్తుతో పనిలేదు. 30 మీటర్ల డ్రాప్‌తో పాటు 2,000 అడుగుల ఎత్తు కూడా ఉంటే హ్యూయిట్. 29 మీటర్లే ఉందా, ఆ జాబితాలో చోటు లేదు, అంతే.

బ్రిటన్ సర్వే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే (ఓఎస్) మ్యాపులో శిఖరం పక్కన సాధారణంగా ఒక అంకె ఉంటుంది. కనుమకు ఉండేది తక్కువ. 5 లేదా 10 మీటర్లకొకటి గీసిన కాంటూర్ల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య మనమే ఊహించుకోవాలి. శిఖరం 331 మీటర్లు, కనుమ 300కీ 305కీ మధ్య ఎక్కడో ఉందనుకోండి. డ్రాప్ 26 కావచ్చు, 31 కావచ్చు. లిడార్, అంటే లేజర్‌తో నేల ఎత్తు కొలిచిన డేటా, అవసరం ఇలాంటి కొండలకే. 200 మీటర్ల డ్రాప్ ఉన్నదాని మీద టైమ్ వేస్ట్ చేయకండి.

ఈ డేటా వేల్స్ ప్రభుత్వ డేటామ్యాప్‌వేల్స్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతుంది. విమానంలోంచి లేజర్‌తో కొలిచి, మీటరుకో గడి చొప్పున ఎత్తులు ఇచ్చారు. రెండు రకాలుంటాయి. డీఎస్‌ఎమ్‌లో చెట్లు, ఇళ్లు కూడా ఉంటాయి, డీటీఎమ్‌లో వాటిని తీసేసి నేల మాత్రమే ఉంచుతారు. లెక్కకు డీటీఎమ్ వాడాలి, కానీ రెండూ దించుకోండి. మన నల్లమలకు ఇలా చేయొచ్చా అని అడుగుతుంటారు. ఇస్రో భువన్ పోర్టల్‌లో ఉచితంగా దొరికే ఎత్తుల డేటా కార్టోడెమ్‌లో గడి 30 మీటర్లు. దాంతో 150 మీటర్ల డ్రాప్ ఉన్నవాటిని వెతకొచ్చేమో గానీ, 30 మీటర్ల పంచాయితీ తీర్చలేం.

క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్ తెరిచి, దించుకున్న టైల్స్ (డేటా ముక్కలు) లాగి పడేయండి. కోఆర్డినేట్ సిస్టమ్ 27700, అంటే బ్రిటిష్ నేషనల్ గ్రిడ్, అయి ఉండాలి. కొండ ఒక టైల్‌లో, కనుమ ఇంకో టైల్‌లో పడటం మామూలే, కాబట్టి వర్చువల్ రాస్టర్‌గా, అంటే ఒకే లేయర్‌గా, కలిపేయండి. హిల్‌షేడ్ (వెలుగునీడలతో ఎత్తుపల్లాలు చూపే చిత్రం) కూడా ఒక లేయర్‌గా పెట్టుకుంటే గట్లు, దారులు, పాత క్వారీలు కంటికి కనిపిస్తాయి.

శిఖరం పని సులువు. పైభాగాన్ని క్లిప్ చేసి గరిష్ఠ విలువ చూడండి. గడ్డి కొండ అయితే అదే జవాబు. రాతి కొండ అయితే కొంచెం అనుమానించాలి: మొనదేలిన బండ మీటరు గడిలో చిక్కకపోవచ్చు, లేదా చెట్లను తీసేసే ఫిల్టరే దాని తల కూడా కోసేసి ఉండొచ్చు. డీఎస్‌ఎమ్‌లో అదే చోట అంకె బాగా పెరిగితే అక్కడున్నది బండా, రాళ్ల కుప్పా, చెట్టా అన్నది ఏరియల్ ఫొటోలో చూసుకోండి.

ఇక కనుమ. ముందు మీటరుకో కాంటూరు గీయించండి. పైనుంచి ఒక్కో గీతే దిగుతూ రండి. మీ కొండను చుట్టిన గీత కొంతవరకు దానంతట అది మూసుకునే ఉంటుంది. ఏ విలువ దగ్గర అది ఎత్తైన నేలను చుట్టిన గీతతో కలిసిపోతుందో, కనుమ ఆ మీటరులో ఉన్నట్టు. ఆ ముక్క వరకే క్లిప్ చేసి 0.1 మీటరు కాంటూర్లు గీయించి మళ్లీ చూడండి. గీతలు రెండు వైపుల నుంచి వచ్చి దాదాపు ముట్టుకుని విడిపోయే చోటే కనుమ.

అక్కడితో అంకె రాసేసుకోకండి. వేల్స్‌లోని పొవిస్ లాంటి వ్యవసాయ ప్రాంతాల్లో కనుమకు అడ్డంగా పొదల కంచె, దాని కింద మట్టి గట్టు ఉండటం సర్వసాధారణం. పొదలు డీటీఎమ్‌లో పోతాయి గానీ గట్టు పోదు. నేల 301.2 దగ్గరుంటే గట్టు మీద గడి 301.9 చూపిస్తుంది. ఆ గట్టు కనుమ పొడుగునా, కొండ నుంచి కొండకు సాగితే, కాంటూరు దాని మీదుగా పాకి కనుమను లేనిపోని ఎత్తుకు చేరుస్తుంది, డ్రాప్ తగ్గిపోతుంది. రోడ్డు కోసమో, పాత రైలు మార్గం కోసమో తవ్వేసి ఉంటే కథ తిరగబడుతుంది. గట్టుకు ఇరుపక్కలా నాలుగైదు గడులు ఐడెంటిఫై టూల్‌తో నొక్కి చూసి, సహజమైన నేల ఎంతో అంచనా కట్టాలి. సాఫ్ట్‌వేర్ చెప్పింది కాదు, మీరు నమ్మిందే రాయండి, ఎందుకు నమ్మారో కూడా రాయండి.

అంచుల్లో ఉన్నవాటితో తొందరపడొద్దు. లిడార్ ఎత్తులో 15 సెంటీమీటర్ల దాకా తేడా మామూలే, మనం ఒక ఎత్తులోంచి ఇంకో ఎత్తు తీసేస్తున్నాం కాబట్టి ఆ తేడా రెంటిలోనూ ఉండొచ్చు. వేల్స్‌లో నాంట్లె కొండల వరసలోని మునిద్ గ్రైగ్ గోఖ్ అనే కొండ మ్యాపులో 609 మీటర్లే. 2008లో శిఖరం మీదే జీపీఎస్ పెట్టి కొలిస్తే 609.75 వచ్చింది. 2,000 అడుగులంటే 609.6, అలా 15 సెంటీమీటర్లతో గట్టెక్కింది. అలాంటి తీర్పు లిడార్‌తో ఇవ్వలేం. డ్రాప్ 29.7కీ 30.3కీ మధ్య వస్తే నేను వర్గం మార్చమని అడగను, సందేహం అని రాసి వదిలేస్తాను.

స్పష్టంగా తేలినవాటిని జాబితా నిర్వహించేవాళ్లకు పంపండి. శిఖరానికీ కనుమకూ పది అంకెల గ్రిడ్ రిఫరెన్స్, రెండు ఎత్తులు, డ్రాప్, ఏ డేటా వాడారో, కనుమ దగ్గర గట్టో రోడ్డో ఉంటే ఆ సంగతి, కాంటూర్ల స్క్రీన్‌షాట్ ఒకటి. తేలనివాటికి సర్వే జీపీఎస్ ఉన్నవాళ్లు వెళ్లాల్సిందే. చిన్న కొండల్లో చాలావాటి కనుమలు ప్రైవేటు పొలాల్లో ఉంటాయి, కాబట్టి ముందు ఫార్మ్‌హౌస్ తలుపు తట్టి అడగండి.