గుంపుగా పాడుకునే పాటల పుస్తకాన్ని కూర్చడం ఎలా?

పాటల పుస్తకం చూసేవాళ్ల నోరు పాడుతూ ఉంటుంది, కళ్లు తర్వాతి మాటను వెతుకుతుంటాయి. ఆ మాట తడుముకోకుండా దొరకాలి. కూర్పు పనంతా దానికోసమే.

1597లో లండన్‌లో అచ్చయిన ఆంగ్ల స్వరకర్త జాన్ డౌలండ్ పాటల పుస్తకంలో ఒక్కో గొంతు పాడే భాగాన్ని ఒక్కో దిక్కుకు తిప్పి వేశారు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు ఒకే ప్రతి చూసి పాడుకునేవారు. మీవాళ్లు ఎలా కూర్చుంటారో, ఎందరికి ఒక ప్రతి అందుతుందో ముందు తేల్చుకోండి. మనిషికొకటైతే ఏ5 సైజులో 14 పాయింట్ల అక్షరం చాలు, ఇద్దరు చూడాలంటే 16 వాడండి. వరసల మధ్య దూరం అక్షరానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతాయి.

వరసను ఊపిరి ఆగే చోట విరవండి. సంధి కలిసిన మాటను రెండు వరసలకు పంచవద్దు. చరణం చివర పల్లవి మొత్తం మళ్లీ వేయనక్కర్లేదు. ఏ మాటకు తిరిగి రావాలో దాన్ని ॥ ॥ మధ్య పెట్టండి. కొన్ని పాటల్లో అనుపల్లవికి, అంటే పల్లవి తర్వాతి భాగానికి, వెళ్లాలి కాబట్టి ఉత్త “పల్లవి” అని రాస్తే గుంపు రెండుగా చీలుతుంది. రెండుసార్లు పాడే వరస చివర (2) అని వేయండి.

రెండు పేజీల పాట ఎప్పుడూ ఎడమ పేజీలో, అంటే సరి సంఖ్య మీద మొదలవ్వాలి. కుడివైపు మొదలైతే చరణం మధ్యలో అందరూ కాగితం తిప్పుతారు, తాళం అక్కడే తప్పుతుంది. మిగిలిన ఖాళీలో చిన్న పాట వేసుకోండి.

బాణీని మాత్రం జ్ఞాపకానికి వదిలేయకండి. అన్నమయ్య రాగిరేకుల మీద పాటకు రాగం పేరు చెక్కారు కానీ స్వరం చెక్కలేదు. సాహిత్యం దక్కింది, ఆనాటి బాణీలు పోయాయి. ఇప్పుడు వింటున్న బాణీలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవే. రాగం, తాళంతో పాటు పల్లవి మొదటి వరసకైనా స్వరం రాయండి. సమంలో, అంటే తాళం మొదటి దెబ్బతోనే, ఎత్తుకోవాలో, తాళం పడ్డాక ఎంత ఆగాలో కూడా చెప్పండి. శ్రుతిని పాట మొదటి స్వరాన్ని బట్టి నిర్ణయించవద్దు. అన్నిటికన్నా పై స్వరం అందరి గొంతుకూ అందుతుందా, కింది స్వరం వినబడుతుందా అని చూడండి. చాలా పాటలు పల్లవిలో హాయిగా ఉండి చరణంలో పైకి లేస్తాయి.

పాటలకు వరస సంఖ్యలివ్వండి. అకారాది సూచికలో పల్లవి మొదటి మాటలే ఉండాలి, చాలామందికి పాట పేరు తెలియదు. సాకీతో, అంటే పల్లవికి ముందు పాడే వరసలతో, మొదలయ్యే పాటను సాకీ మొదటి మాట దగ్గర, పల్లవి మొదటి మాట దగ్గర రెండు చోట్లా చేర్చండి.

రచయిత బతికున్నంత కాలం, భారతదేశంలో ఆ తర్వాత 60 ఏళ్ల వరకు సాహిత్యం మీద హక్కు ఉంటుంది. అలాంటి పాటలకు అనుమతి తీసుకోండి.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి. పేజీలు ఎక్కువైతే అది తెరిచిన చోట నిలవదు, చేతులు తాళానికి ఖాళీగా ఉండవు. అప్పుడు స్పైరల్ బైండింగే మేలు. అచ్చుకిచ్చే ముందు ఒక ప్రతి తీసి, పాట అంతగా రానివాళ్ల చేతిలో పెట్టి పాడించండి. వాళ్లు ఆగిన ప్రతి చోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆ వరసలను తిరిగి విరవండి.