పాత అంబాసిడర్‌కి ఆల్టర్నేటర్ - 3వ పాఠం: కటౌట్ బాక్సు ఖాళీ చేసి వైరింగ్ మార్చడం

గత పాఠంలో బ్యాటరీని ఛార్జ్ చేసే పాత డైనమో దింపి, ఆ స్థానంలో అదే పని ఇంకా బాగా చేసే ఆల్టర్నేటర్ బిగించాం. పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయని స్కేలు ఆనించి చూసుకున్నాం. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం లోపే దిగేలా సరిచేశాం. బ్రిటిష్ డిజైన్ నుంచి వచ్చిన పాత బళ్లలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉండేది కాబట్టి, మీ బండి నెగెటివ్ ఎర్తేనని, అంటే నెగెటివ్ బాడీకి ఉన్నదేనని కూడా తేల్చుకున్నారు. ఇంతవరకు స్పానర్ పని. ఈ పాఠమంతా తీగల పని. ఈ మార్పిడి చెడేది ఎక్కువగా ఇక్కడే, అందుకే నెమ్మదిగా వెళ్దాం.

అసలు ఈ శ్రమంతా ఎందుకో ఒక్కసారి గుర్తు చేసుకోండి. విజయనగరంలో సిరిమానోత్సవం సాయంత్రం మూడు లాంతర్ల జంక్షన్ దాటాలంటే బండి నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ. రెండు హెడ్‌లైట్లకు 110 వాట్లు, బ్రేకు తొక్కినప్పుడల్లా ఇంకో 42 వాట్లు, వాన పడితే వైపర్, ఎప్పుడూ ఉండే ఇగ్నిషన్ కాయిల్. పాత లూకాస్ డైనమో ఇచ్చేది మహా అయితే 22 ఆంపియర్లు, అదీ ఇంజన్ వేగంగా తిరిగినప్పుడు. ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు, దాదాపు ఏమీ రాదు, భారమంతా బ్యాటరీ మీదే పడుతుంది. ఆల్టర్నేటర్ ఐడ్లింగ్‌లోనూ ఛార్జ్ చేస్తుంది. పాత బండిని షెడ్డులో దాచకుండా రోజూ నడపాలనుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి మార్పు ఇంకొకటి లేదని నా నమ్మకం.

ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పి పక్కన పెట్టండి. ఇప్పుడు కటౌట్ బాక్సు చూడండి. లోపల రెండు కాయిళ్లుంటాయి. ఒకటి కటౌట్, బ్యాటరీ కరెంటు డైనమోలోకి వెనక్కి పోకుండా ఆపేది. రెండోది వోల్టేజ్ రెగ్యులేటర్, వోల్టేజ్ హద్దు దాటకుండా చూసేది. ఆల్టర్నేటర్‌లో రెగ్యులేటర్ లోపలే ఉంది, వెనక్కి కరెంటు పోకుండా డయోడ్లూ ఉన్నాయి. కాబట్టి ఈ రెండింటితో ఇక పని లేదు. అయినా బాక్సుని పీకి పారేయకండి, పాత బండి పాత రూపంలోనే కనిపించాలి. తీగలు మాత్రం ఒక్కోటీ విప్పి, విప్పేటప్పుడే పేరు రాసిన టేపు చుట్టండి. అన్నీ విప్పాక గుర్తుపట్టడం కష్టం, పాత తీగల రంగులు నూనెకీ మట్టికీ ఒకేలా అయిపోతాయి.

బాక్సు మీద ఏ (A), ఏ1 (A1), ఎఫ్ (F), డి (D), ఈ (E) అని ఐదు గుర్తులుంటాయి. 'ఏ' గుర్తు దగ్గరకి బ్యాటరీ వైపు నుంచి వచ్చే తీగ, ఏ1 నుంచి లైట్లకీ ఇగ్నిషన్‌కీ వెళ్లే తీగ. ఈ రెండింటినీ కలిపేయండి. తీగ కొసలకి లగ్గులు (బోల్టు దూరే కన్నమున్న లోహపు ముక్కలు) వేసి, ఒకే బోల్టుకి బిగించి, పైన ఇన్సులేషన్ గట్టిగా ఉండాలి. మెలిపెట్టి టేపు చుట్టడం కుదరదు, బండి కరెంటంతా ఆ జాయింటు మీదుగానే పోతుంది.

డి దగ్గర రెండు తీగలుంటాయి. లావుది డైనమో నుంచి వచ్చింది. దాన్ని రెండు కొసలా ఇన్సులేషన్ చేసి వదిలేయండి. అది 22 ఆంపియర్ల రోజుల తీగ, కొత్తదాని కరెంటుకి చాలదు. సన్నది డాష్‌బోర్డులో ఎర్ర బల్బు నుంచి వచ్చింది. దీన్ని ఎఫ్ తీగతో కలపండి. ఎఫ్ తీగ రెండో కొస ఇంతకుముందు డైనమో దగ్గరుండేది కదా, అది ఇప్పుడు ఆల్టర్నేటర్ మీద ఎల్ అని ఉన్న పిన్నుకి వెళ్తుంది. ఇలా కొత్త తీగ లాగకుండానే బల్బు లైను పూర్తవుతుంది. మీ ఆల్టర్నేటర్‌కి ఐజీ అనే పిన్ను కూడా ఉంటే, తాళం తిప్పితే కరెంటు వచ్చే చోటు నుంచి చిన్న ఫ్యూజుతో దానికి సప్లై ఇవ్వండి. 'ఈ' (E) గుర్తు దగ్గరి తీగని బాడీకి బిగించేస్తే చాలు.

ఇక ఆల్టర్నేటర్ వెనక బి ప్లస్ బోల్టు. అక్కడి నుంచి సెల్ఫ్ సొలెనాయిడ్ (స్టార్టర్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్చు) మీద బ్యాటరీ కేబుల్ వచ్చే బోల్టుకి కొత్త రాగి కేబుల్ వేయండి. 35, 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కి 10 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వాడండి. సొలెనాయిడ్ వైపు కొసలో ఆల్టర్నేటర్ రేటింగ్‌కి కొంచెం పైన ఫ్యూజు పెట్టండి. కేబుల్ ఎక్కడైనా రాసుకుని బాడీకి తగిలితే బ్యాటరీ శక్తంతా అక్కడే మంటగా బయటికొస్తుంది. డాష్‌బోర్డులో ఆమీటర్ (కరెంటు కొలిచే మీటరు) ఉన్న బండి అయితే, ఇకపై దాని ముల్లు ఎప్పుడూ డిశ్చార్జ్ వైపే చూపిస్తుంది. ఛార్జింగ్ కరెంటు దాని గుండా పోవడం లేదు, వాడకం మాత్రమే పోతోంది. కంగారు పడొద్దు.

ఆ ఎర్ర బల్బు గురించి ఇంకొంచెం చెప్పాలి. "బల్బే కదేటి, పోతే పోనీలే" అనడం మన వైపు మామూలే. డైనమో ఉన్నన్నాళ్లూ ఆ మాట చెల్లింది. ఎల్ పిన్ను మాత్రమే ఉన్న ఆల్టర్నేటర్‌కి మాత్రం ఛార్జింగ్ మొదలవ్వాలంటే రోటర్‌కి (లోపల తిరిగే భాగానికి) మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్లాలి. 2.2 వాట్ల బల్బు అయితే సుమారు 0.18 ఆంపియర్ పోతుంది. బల్బు మాడిపోతే ఛార్జింగ్ మొదలవ్వకపోవచ్చు, లేదా ఇంజన్ బాగా రేజ్ చేస్తే గానీ మొదలవ్వదు. అందం కోసం అక్కడ ఎల్ఈడీ పెట్టినా ఇదే తంటా, అది అంత కరెంటు పోనివ్వదు. ఎల్ఈడీయే కావాలంటే దానికి సమాంతరంగా 68 ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్ కలపండి.

ఎర్త్ సంగతి మర్చిపోకండి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. ఆల్టర్నేటర్ కరెంటు తిరిగి రావడానికి ఇంజన్‌కీ బాడీకీ మధ్య అల్లిక పట్టీ ఒక్కటే సరైన దారి. కళింగపట్నం, భోగాపురం వైపు సముద్రపు గాలి తిన్న బళ్లలో ఆ పట్టీ పచ్చగా పొడి రాలుతూ ఉంటుంది. అది పని చేయకపోతే కరెంటు యాక్సిలరేటర్ కేబులో చోక్ కేబులో పట్టుకుని తిరిగొస్తుంది, కేబుల్ చేతికి కాలుతుంది. కొత్త పట్టీ వేసి, బోల్టు కింద పెయింటు గీకి, బిగించాక పైన వాజలైన్ రాయండి.

ఇప్పుడు బ్యాటరీ కలిపి తాళం తిప్పండి. ఎర్ర బల్బు వెలగాలి. స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేస్తే ఆరిపోవాలి. మల్టీమీటర్‌తో బ్యాటరీ మీద 14 నుంచి 14.5 వోల్టులు రావాలి. 15 దాటితే వెంటనే ఆపేయండి, రెగ్యులేటర్ బాగాలేదు. తర్వాత హెడ్‌లైట్లు వేసి, కొంచెం రేజ్‌లో ఉంచి, మీటరు ఒక కొస బి ప్లస్ బోల్టుకీ, రెండోది బ్యాటరీ పాజిటివ్‌కీ పెట్టండి. 0.3 వోల్టు కన్నా ఎక్కువ వస్తే ఆ దారిలో ఏదో లగ్గు సరిగా పట్టలేదు. ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య 0.2 దాటకూడదు. ఈ అంకెలు నోట్‌బుక్కులో రాసిపెట్టుకోండి.

డైనమో పని చేస్తోందో లేదో చూడటానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకే అలవాటు చాలా షెడ్డుల్లో ఉంది. ఆల్టర్నేటర్ బండికి ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. బ్యాటరీ ఆసరా పోగానే వోల్టేజ్ ఒక్కసారిగా పైకి లేచి డయోడ్లు, రెగ్యులేటర్ పోతాయి. సాలూరు లాంటి చోట్ల బాడీ వెల్డింగ్‌కి బండి ఇచ్చినప్పుడు కూడా ముందు బ్యాటరీ నెగెటివ్, తర్వాత బి ప్లస్, ఎల్ తీగలు విప్పించాకే ఆర్క్ వెల్డింగ్ మొదలుపెట్టమనండి.

వచ్చే పాఠంలో ఆమీటర్ స్థానంలో వోల్ట్ మీటర్ పెట్టి, హెడ్‌లైట్లకి రిలేలు వేద్దాం. రాసుకున్న అంకెలు అప్పుడు కావాలి.